పడమటి బురుజు మీద ఎవరు?

నరసింగరావు గారు మూడో రోజు కూడా ఇంట్లో కాఫీ ముట్టలేదు.

పొద్దున్నే చొక్కా తొడుక్కుని కోట జంక్షన్ దాకా నడిచి, అక్కడ హోటల్లో తాగి వచ్చారు. టిఫిను సంగతి ఆయన శపథంలో లేదు. అందుకని భార్య ఈశ్వరి గారు పెట్టిన నాలుగు ఇడ్లీలూ తల వంచుకుని తిన్నారు.

"ఇడ్లీ తింతన్నారు, కాఫీ తాగరు. ఇదేటి అలకండీ?" అన్నారు ఈశ్వరి గారు.

"అలక కాదు. నిరసన."

"నిరసనైతే పచ్చడి రెండోసారి ఏల అడిగినారు?"

ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని, మెట్ల వైపు తిరిగి, మేడ మీదికి వినపడేంత గొంతుతో అన్నారు.

"నా పేరు తీసేసేదాకా ఈ ఇంటి కాఫీ నా గొంతు దిగదు!"

మేడ మీద ఉన్నది కూతురు పద్మకుమారి, ఆమెతో పనిచేసే బెన్హర్, ఇంకో ఇద్దరు. రెండేళ్ళుగా ఆ రెండు గదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నారు. పేరు 'గెడ్డకోట ముట్టడి'. బొబ్బిలి అవతల, కొండల కింద ఉన్న గెడ్డకోట గురించి ఇన్నాళ్ళూ తెలుగులో ఉన్నది ఒక్కటే పుస్తకం. అది రాసింది నరసింగరావు గారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక ఆయన్ని మళ్ళీ కుర్చీలోంచి లేపిన పని ఈ ఆటే. అందుకే ఆట మొదలవగానే తెర మీద ఆయన పేరు పడుతుంది: చారిత్రక సలహాదారు.

పోయిన ఆదివారం ట్రైలర్ విడుదలైంది. నిమిషన్నర. అందులో పడమటి బురుజు మీద పెద్ద ఫిరంగికి నిప్పంటించింది ఒక ఆడమనిషి. పైట నడుముకి బిగించుకుని, మొహమంతా మసి పూసుకుని ఉంది. పేరు అసిరి.

నరసింగరావు గారి పుస్తకంలో ఆ ఫిరంగి కాల్చినవాడి పేరు అసిరయ్య.

అప్పట్నించీ కాఫీ బంద్.

పద్మకుమారి మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఒక కాగితం.

"నాన్నా, సంతకం."

"పెట్టను."

"ఎల్లుండి విశాఖలో ప్రదర్శన. సలహాదారు ఉత్తరం ఉంటేనే మనల్ని చరిత్ర ఆటల వరసలో కూర్చోబెడతారు. లేకపోతే దెయ్యాల ఆటల పక్కన పడేస్తారు."

"కూర్చోండి. మీకూ వాళ్ళకీ తేడా ఏటి? ఆళ్ళు సచ్చినోళ్ళని లేపుతారు, మీరు మగోణ్ణి ఆడదాన్ని సేస్తారు!"

కోపం వస్తే ఆయన క్లాసు తెలుగు జారిపోయి సొంతూరి తెలుగు బయటపడుతుంది. ముప్ఫై ఐదేళ్ళు ఆయన దగ్గర చదివిన వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అలా మాట్లాడినప్పుడు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. పద్మకుమారి ఆయన దగ్గర చదవలేదు.

"మన ఆటలో కూడా చచ్చినోడు మళ్ళీ లేస్తాడు. దానికేటి ఆధారం? దాని గురించి నువ్వేం అన్లేదే?"

"అన్నాను. ముప్ఫయ్యేడో అభ్యంతరం. మీరు చదవలేదు."

అది నిజమే. ఆయన రాసిచ్చిన అభ్యంతరాలు మొత్తం నలభై రెండు. వాటిలో చాలా వాటికి పద్మకుమారి తల ఊపింది. కోట వంటశాలలో బెన్హర్ వారం రోజులు కష్టపడి వేసిన టమాటాల బుట్ట తీయించింది. కందకం గట్టున సరుగుడు తోట మొత్తం పీకించింది. రెండొందల ఏళ్ళ కిందటి ఆ ముట్టడి రోజుల్లో ఇక్కడ సరుగుడు లేదని ఆయన మూడు పేజీలు రాశారు. చెరువు గట్టున బట్టలుతికే మనిషి దగ్గర సబ్బుబిళ్ళ కనపడితే అది కూడా మాయం చేశారు.

"టమాటా దగ్గర నీ మాట విన్నాం. సరుగుడు దగ్గర విన్నాం. ఒక్క అసిరి దగ్గర నా మాట నువ్వు వినలేవా?"

"టమాటా నీ ఇష్టాన్ని బట్టి ఉండదు, అసిరయ్యా నీ ఇష్టాన్ని బట్టి మారడు. రెండూ ఒకటే."

"మూడొందల ఇరవై పేజీల పుస్తకం రాశావు నాన్నా. అందులో ఆడవాళ్ళు రెండు చోట్ల ఉన్నారు. నేను లెక్కెట్టాను. ఒకచోట ఏడుస్తారు. ఇంకోచోట పిల్లల్నెత్తుకుని సొరంగంలోంచి పారిపోతారు. మూడు నెలల ముట్టడి! ఆ మూడు నెలలూ కోటలో వాళ్ళు ఏటి చేశారు? కూర్చుని ఏడుపు ప్రాక్టీసు చేశారా?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. ఈశ్వరి గారు వింటున్నారు.

నరసింగరావు గారు కొంచెం తగ్గారు. "ఆధారంలో ఉన్నది రాశానమ్మా. ఉండాలనుకున్నది రాస్తే అది చరిత్ర కాదు. కోరిక."

"మా ఆట ఆడేవాళ్ళలో సగం మంది ఆడపిల్లలు. వాళ్ళు ఎవర్ని చూసుకుని ఆడాలి?"

"అలాగైతే కొత్తగా ఒక కోట కట్టుకోండి. పేరు మార్చుకోండి. అందులో ఆడవాళ్ళే ఉండనీ, గుర్రాలు కూడా ఎగరనీ, నాకు పనిలేదు. గెడ్డకోట అన్నారు, నా పేరు వేశారు. ఇక అక్కడ నాకు తెలిసినదే జరగాలి."

పద్మకుమారి కాగితం బల్ల మీద పెట్టి, దాని పక్కన కలం పెట్టి, ఆయన వైపు జరిపింది. ఆయన వెనక్కి నెట్టారు. 

వీధిలో ఆటో ఆగింది.

దిగిన మనిషిని చూసి నరసింగరావు గారి మొహం వెలిగింది. గంగులు. గెడ్డకోటలో వ్యవసాయం. అసిరయ్య వంశం తనదేనని చెప్పుకునే మనిషి. మూడేళ్ళ కిందట ఊరి రోడ్డు మలుపులో అసిరయ్య విగ్రహం నిలబెట్టిన కమిటీకి అధ్యక్షుడు. నరసింగరావు గారి పుస్తకం చదివే ఆ విగ్రహం పెట్టారు, ఆయన చేతే ముసుగు తీయించారు.

గంగులు వెనకాల వాళ్ళమ్మ దేముడమ్మ, మోకాళ్ళ మీద చేతులేసుకుంటూ దిగింది. కళ్ళాసుపత్రికి తీసుకొచ్చాడట. పనిలో పని, మేస్టారింటికి కూడా.

"ఇదేటండి మేస్టారూ?" అని గుమ్మంలోనే ఫోను చాపాడు గంగులు. తెర మీద అసిరి ఫిరంగి కాలుస్తోంది. "మా బావలందరూ నన్ను బతకనివ్వడం నేదు. సంతలో నలుగురి ముందరా, ఒరే గంగులూ, మీ తాత సీర కట్టీసినాడేట్రా, అని అడగతన్నారు. నాను తల ఎత్తుకుని తిరిగే పని నేకుండా పోనాది."

"కూర్చో గంగులూ. నేను నీ పక్షమే."

"ఈ అమ్మాయేనా సేసినాది?"

"నేనే," అంది పద్మకుమారి.

గంగులు ఆమెను చూసి కొంచెం తడబడ్డాడు. చిన్నప్పుడు ఎత్తుకున్న పిల్ల. "బొమ్మ బానే ఉన్నాదమ్మా. అలగని మా తాతని ఆడదాన్ని సేస్తావేటి? ఇంకేదైనా ఉంటే సెయ్యి. అన్నట్టు, మా ఈధిలో ఇంకో నాలుగిళ్ళోళ్ళు కూడా సెప్పమన్నారు. ఆళ్ళ తాతలు కూడా ఆ కోటలో గొప్ప ఈరులేనంట. ఆళ్ళని కూడా పెట్టాలంట."

"అందరూ వీరులేనా?"

"అందరూనండి."

"అంతమంది వీరులుంటే కోట ఎలా ఓడిపోయింది గంగులు మావా?"

గంగులు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పక్కూరోళ్ళ వల్లండి."

మేడ మెట్ల మీద ఎవరో నవ్వు ఆపుకున్నారు. బెన్హర్. గొడవ విని దిగుతూ మధ్యలో ఆగిపోయాడు. శ్రీకాకుళం బాప్టిస్టు చర్చి వీధి వాడు, నరసింగరావు గారి శిష్యుడు. ఆయన ముందు కూర్చోడు, నవ్వడు.

ఈశ్వరి గారు దేముడమ్మని వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఆ వాసనకి నరసింగరావు గారి ముక్కు ఒక్కసారి అదిరింది. ఆయన లేచారు.

"గంగులూ, మాటలెందుకు? ఆధారం చూపిస్తాను. అమ్మాయి కూడా ఈ రోజు కళ్ళతో చూడాలి."

బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిన ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చారు. అట్ట మీద ఆయన పాత చేతిరాత: గెడ్డకోట, 1984. ఆ కోటను ఏలిన వంశం వారింట్లో ఒక పాత రాతప్రతి ఉండేది. ఆయన ఇరవై అయిదేళ్ళ వయసులో పదకొండు రోజులు అక్కడే ఉండి, దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకున్నారు. తర్వాత అసలు ప్రతిని చెదలు తినేశాయి. గెడ్డకోట ముట్టడికి లోకంలో మిగిలిన సాక్ష్యం ఇప్పుడు ఈ నోటుపుస్తకమే.

ఆయన పేజీ తీసి, గొంతు సవరించుకుని, క్లాసులో చదివినట్టు చదివారు.

"'అంతట పడమటి బురుజున పెద్ద ఫిరంగి కడ అసి...'"

ఆగిపోయారు.

పేజీ తిప్పారు. మళ్ళీ వెనక్కి తిప్పారు. వేలు పెట్టి ఒకే చోట మూడుసార్లు జరిపారు.

"ఏటండి?" అన్నాడు గంగులు.

"కళ్ళజోడు కనపడ్డం లేదు."

"సార్, పెట్టుకునే ఉన్నారు," అన్నాడు మెట్ల మీంచి బెన్హర్.

"ఇది కాదు. చదివేది."

"మీకున్నది అదొక్కటే," అన్నారు ఈశ్వరి గారు.

ఆయన పుస్తకం మూసి, ఎవరి మొహమూ చూడకుండా పడగ్గదిలోకి వెళ్ళిపోయారు. పద్మకుమారి ఒక్క నిమిషం ఆగి, వెనకాలే వెళ్ళింది.

ఆయన మంచం పట్టె మీద కూర్చుని ఉన్నారు. పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది. ఆమె వంగి చూసింది. నల్లసిరా, గుండ్రటి అక్షరాలు.

'అంతట పడమటి బురుజున పెద్ద ఫిరంగి కడ అసిరి తెల్లవారు వరకు నిలిచెను. గుండు తగిలి అచ్చటనే పడెను.'

ఆమె ఇంకోసారి చదివింది.

"అసిరి," అంది మెల్లగా. "అసిరయ్య కాదు."

"ఊఁ."

"మరి 'య్య' ఎక్కణ్ణించి వచ్చింది?"

"నా దగ్గర్నించి." ఆయన గొంతు చాలా చిన్నగా ఉంది. "అచ్చుకి ఇచ్చేటప్పుడు వేసి ఉంటాను. ఫిరంగి దగ్గర నిలబడి చచ్చిపోయిన మనిషి కదా, ఒట్టి అసిరి అంటే మర్యాదగా ఉండదని. వేసినట్టు గుర్తు కూడా లేదు పద్మా. చెయ్యి రాసేసింది."

"అసిరి అని మన వైపు మగాళ్ళకీ పెడతారు, ఆడవాళ్ళకీ పెడతారు."

"తెలుసు."

"నిలిచెను అని ఉంది. నిలిచాడో నిలిచిందో లేదు."

"పాత తెలుగులో అంతే. ఆ 'ను' కి ఆడా మగా ఉండదు. ముప్ఫై ఐదేళ్ళు నేనే పిల్లలకి చెప్పాను." ఆయన కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. "ఆ మెట్ల మీద నిలబడ్డ కుర్రాడికి ఒకసారి పరీక్షలో రెండు మార్కులు తగ్గించాను. శాసనంలో లేని అక్షరం సొంతంగా చేర్చాడని."

పద్మకుమారికి నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక ఆ నవ్వు లోపలే పోయింది. మూడు రోజులుగా గెలవాలని చూస్తున్న మనిషి ఆమె. ఇప్పుడు గెలుపు ఆయన ఒళ్ళో పుస్తకం రూపంలో కూర్చుని ఉంది. చెయ్యి చాపి తీసుకోవాలనిపించలేదు.

"నాన్నా, అసలు ప్రతిని చెదలు తినేశాయి. ఈ పుస్తకం నువ్వు తప్ప ఎవరూ చూడలేదు. మూసి బీరువాలో పెట్టేయ్. నేను అసిరయ్యనే పెట్టేస్తాను. బెన్హర్ రేపు రాత్రికల్లా మార్చేస్తాడు."

ఆయన తలెత్తి కూతుర్ని చూశారు. 

"నీకు ఆధారం దొరికింది కదా. ఎందుకు వదిలేస్తావు?"

"ఇది నాకు ఆధారం కాదు. ఆడదని ఎక్కడుంది? నేను ఈ పేజీ చూసి మార్చలేదు నాన్నా. నాకు అక్కడ ఒక ఆడమనిషి కావాలనిపించింది. మార్చేశాను. నువ్వన్నది నిజమే, అది కోరికే."

"నాది కూడా అంతే. నువ్వు తెలిసి చేశావు. నేను చేసినట్టు నాకే తెలీదు. దాన్ని నమ్మి ఒక ఊరు విగ్రహం పెట్టుకుంది." ఆయన లేచి నిలబడ్డారు. "పద."

"ఎక్కడికి?"

"గంగులుకి చెప్పాలి."

"ఇప్పుడా? ఇలాగా? కొంచెం ఆలోచించి..."

"ఆలోచిస్తే చెప్పలేను."

హాల్లోకి వచ్చి, గంగులు ఎదురుగా కుర్చీ లాక్కుని, ఆయన మొత్తం చెప్పారు. పుస్తకం చేతికిచ్చి చూపించారు. గంగులు కూడబలుక్కుంటూ ఆ రెండు ముక్కలూ చదివాడు. చదివాక అతని పెదాలు కాసేపు కదుల్తూనే ఉన్నాయి.

"అంటే య్య తవరే పెట్టీసినారా?"

"నేనే పెట్టాను. తప్పు నాదే."

"మరి ఇగ్రహానికి మీసమో?"

"మీసం నా పుస్తకంలో లేదు. అది మీ కమిటీ పెట్టింది."

"తవరు య్య పెట్టినారనే గదండి మేం మీసం పెట్టినాం!" గంగులు దాదాపు ఏడ్చినంత పని చేశాడు. "శిల్పి చిన్నది పెడతానంటే నానే కాదని పెద్దది పెట్టించినాను మేస్టారూ! ఇప్పుడు ఊర్లో ఏటని సెప్పాలి? మా తాత మగోడో ఆడోడో మాకింకా తేలనేదని సెప్పాలా?"

"అలాగే చెప్పాలి. నేను వచ్చి చెప్తాను."

"మా బావల ముందరా?"

"మీ బావల ముందరే."

గంగులు తల పట్టుకున్నాడు.  బెన్హర్ మెట్ల మీంచి పూర్తిగా దిగి, ఇవాళ మొదటిసారి ఆయన ముందు చెప్పకుండానే కూర్చున్నాడు. బల్ల మీద సంతకం కాగితం ఫ్యాను గాలికి లేచి కింద పడింది. దాన్ని ఎవరూ తీయలేదు.

"ఏదీ, ఆ పిల్లనోపాలి సూపించు."

అందరూ తిరిగి చూశారు. వంటింటి గుమ్మం దగ్గర పీట మీంచి దేముడమ్మ చెయ్యి చాపింది. వచ్చినప్పట్నించీ ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

పద్మకుమారి ఆమె పక్కన నేల మీద కూర్చుని ఫోను పట్టుకుంది. అసిరి బురుజెక్కింది. ఫిరంగికి నిప్పంటించింది. పొగలో కనపడకుండా పోయింది. దేముడమ్మ మళ్ళీ పెట్టమంది. మూడోసారి చూస్తూ, ఫోను మీంచి కళ్ళు తీయకుండానే మాట్లాడింది.

"మేస్టరు బాబూ, తవరు మా ఇంటికొచ్చిన దినం నాకు గేపకం ఉన్నాది. ఎండలు మండిపోతన్నాయి. మా మావా, మా ఇంటాయనా, ఊరోళ్ళూ అరుగు మీద కూకున్నారు. తవరు మద్దిలో కూకుని రాసుకుంతన్నారు."

"అవునమ్మా. రెండు రోజులు వచ్చాను."

"ఆ రెండు దినాలూ ఆళ్ళని అడగని ముక్క నేదు. కోట గోడ ఎంతెత్తు, గుర్రాలెన్ని, గుళ్ళు ఏటితో సేసినారు, అన్నీ అడిగినారు. నాను గుమ్మం ఎనకాల నిలబడి అంతా ఇన్నాను. తవరికి మజ్జిగ ఇచ్చినాది నానే. అప్పుడు నన్ను కూడా ఒక ముక్క అడిగినారు. గేపకం ఉన్నాదా?"

నరసింగరావు గారు గుర్తు తెచ్చుకోవాలని చూశారు. "లేదమ్మా. ఏం అడిగాను?"

"మజ్జిగలోకి ఇంకొంచెం ఉప్పుందా అని అడిగినారు."

ఈశ్వరి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ నవ్వలేదు, నరసింగరావు గారితో సహా.

"అసిరి గురించి మా అత్త నాకు సెప్పినాది," అంది దేముడమ్మ. "ఆళ్ళత్త ఆవిడికి సెప్పినాది. అలగే వస్తన్నాది. మా ఇంట్లో మగోళ్ళకెవులికీ తెలీదు."

"అమ్మా!" గంగులు లేచి నిలబడ్డాడు. "ఇగ్రహం పెట్టినప్పుడు ఏల సెప్పనేదే? మూడేళ్ళ బట్టి దండ ఏస్తన్నావు గదే!"

"ఎవులడిగినార్రా నన్ను?"

నరసింగరావు గారు కిందికి వంగారు. పడిపోయిన సంతకం కాగితం తీసి, వెనక్కి తిప్పి, తెల్ల వైపు పైకి పెట్టుకున్నారు. కలం మూత తీశారు. జీవితంలో ఎన్ని వందల మందిని ప్రశ్నలు అడిగారో ఆయనకే లెక్కలేదు. ఇప్పుడు మాత్రం కాగితం పైన 'దేముడమ్మ' అని రాసుకున్నాకే నోరు తెరిచారు.

"ఇప్పుడడుగుతున్నానమ్మా. ఆ రోజు అడగనందుకు మన్నించు. అసిరి మగవాడా, ఆడదా?"

దేముడమ్మ ఫోను పద్మకుమారి చేతిలో పెట్టింది. చీర చెంగు సర్దుకుంది. తర్వాత కొడుకు వైపు చూసింది.

"ఒరే, నువ్వు బయటికెళ్ళి ఆటో కాడ నిలబడు."

"నానేల ఎల్లాల? మా వంశం గదా!"

"అందికే ఎల్లమన్నాను."